ఎక్కించడం సరే, దించేదెక్కడ?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లో పేరుకుపోయిన పాత సామాను, తోటలో నరికిన కొమ్మలు, కోసిన గడ్డి, రాలిన ఆకులు... వీటిని తీసుకెళ్లి వదిలించే పనినే చిన్న వ్యాపారంగా పెట్టుకోవాలని చాలామంది శ్రోతలు అడుగుతున్నారు. అందుకే ఏళ్ల తరబడి ఈ పనిలోనే ఉన్న ఒకాయనను ఈరోజు పిలిచాం. నమస్కారమండీ. ఒక బండి, ఇద్దరు మనుషులు ఉంటే వ్యాపారం మొదలైనట్టేనా?

అతిథి: నమస్కారమండీ. బండి ఉంటే చెత్త ఎక్కించవచ్చు, అంతే. వ్యాపారం నిలబడేదీ కూలేదీ దించే చోట. కొత్తవాళ్లు బండి రంగు దగ్గర్నుంచి దాని మీద రాయించే పేరు దాకా నెల రోజులు ఆలోచిస్తారు. దించే చోటు గురించి ఒక పూటయినా ఆలోచించరు.

వ్యాఖ్యాత: ఆలోచించడమంటే ఏం చేయాలి?

అతిథి: బండి కొనకముందే కాలినడకనైనా సరే తిరగాలి. డంపింగ్ యార్డులు, కంపోస్టు కేంద్రాలు, పాత ఇనుము కొనేవారు, వాడిన కుర్చీలు బల్లలు తీసుకునేవారు, అందరి దగ్గరకూ వెళ్లాలి. ఎవరు ఏది తీసుకుంటారు, ఏది చూడగానే వెనక్కి పంపుతారు, గేటు ఎప్పుడు మూస్తారు అన్నీ రాసుకోవాలి. ఇంకొక ప్రశ్న ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. డబ్బు తీసుకుని మోసేవారి బండిని లోపలికి రానిస్తారా? ఇంటివారు సొంత చెత్త తెచ్చుకుంటే ఉచితంగా తీసుకునే చోట్లు కూడా మనలాంటివారి దగ్గర రుసుము అడగవచ్చు, లేదా గేటు దగ్గరే ఆపేయవచ్చు.

వ్యాఖ్యాత: ఆ రుసుమును బట్టి మనం ధర చెప్పుకుంటే సరిపోతుంది కదా?

అతిథి: చిక్కంతా అక్కడే ఉంది. ఇంటివారికి మనం చెప్పే ధర సాధారణంగా చోటును బట్టి ఉంటుంది. పావు బండి, సగం బండి, నిండు బండి అంటాం. యార్డులో మన దగ్గర వసూలు చేసేది ఎక్కువగా బరువును బట్టి. లోపలికి వెళ్లేటప్పుడు వేబ్రిడ్జి మీద నిండు బండిని తూస్తారు, బయటికి వచ్చేటప్పుడు ఖాళీ బండిని తూస్తారు. తేడాకు డబ్బు కట్టాలి. మనం చోటు అమ్ముకుంటూ బరువు కొనుక్కుంటున్నామన్నమాట. ఈ సంగతి తలకెక్కనివాడికి నెలంతా పని ఉంటుంది, నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు.

వ్యాఖ్యాత: అంకెల్లో చెబుతారా?

అతిథి: ఒక ఘనపు మీటరు చోటు తీసుకోండి. నరికిన కొమ్మలను వదులుగా వేస్తే సుమారు 100 నుంచి 200 కిలోలు. అదే చోటులో మట్టి పోస్తే టన్నుకు పైమాటే, తడిసిన మట్టి అయితే టన్నున్నర దాటినా ఆశ్చర్యం లేదు. గట్టి కాంక్రీటు ఘనపు మీటరు దాదాపు 2,400 కిలోలు తూగుతుంది. పగలగొడితే ముక్కల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి కొంత తగ్గుతుంది, అయినా భారీ బరువే. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న ట్రాలీలో మట్టిని జానెడు మందం పరిచారనుకోండి. చూడటానికి బండి ఖాళీగానే ఉంటుంది, బరువు మాత్రం ఎనిమిది వందల కిలోలకు అటూ ఇటూ. ఇంటాయన వచ్చి, 'ఇంకా బోలెడు చోటుంది కదా, ఈ ఇటుకలు కూడా వేసేయండి' అంటారు. ఆయన తప్పేమీ లేదు, కంటికి కనిపించేది చోటే మరి. కుంగిన టైరును చూడాల్సింది మనం.

వ్యాఖ్యాత: అయితే మట్టికి, శిథిలాలకు ధర వేరుగా చెప్పాలి.

అతిథి: వేరుగా, ముందుగా, రాతపూర్వకంగా. ఫోనులో 'కొంచెం చెత్తండీ' అన్న మాట విని ధర చెప్పకండి. ఆ 'కొంచెం' ఎంతో ఎవరికీ తెలియదు. ఫొటోలు పంపమనండి. పక్కన ఒక కుర్చీయో బకెట్టో పెట్టి తీయమంటే కుప్ప ఎంత ఉందో అర్థమవుతుంది. తర్వాత అడగాల్సినవి అడగాలి. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, బీరువా మెట్ల మలుపులో తిరుగుతుందా, బండి గుమ్మం దాకా వస్తుందా లేక వీధి చివరే ఆగుతుందా? వీధి చివరి నుంచి మోసే పని ఒక్కోసారి మొత్తం సమయాన్ని రెట్టింపు చేస్తుంది. అన్నట్టు, సమయం లెక్కలో దించడాన్ని కూడా కలపండి. ఎత్తి కుమ్మరించే ట్రాలీ కాకపోతే, ఎక్కించడానికి పట్టినంత సేపూ దించడానికి కూడా పట్టవచ్చు. యార్డు దగ్గర వరుసలో నిలబడే సేపు దానికి అదనం.

వ్యాఖ్యాత: వాన పడితే?

అతిథి: వానలో ఆకులు, గడ్డి, పరుపులు అన్నీ నీళ్లు తాగుతాయి. ఆ నీళ్లకు యార్డులో డబ్బు కట్టేది మనమే. అసలు కోసిన గడ్డి బరువులో 80 శాతం దాకా నీరే ఉంటుంది. కోసిన వెంటనే కాకుండా ఒకటి రెండు రోజులు పలుచగా పరిచి ఆరనిస్తే ఇద్దరికీ మేలు. ఇంకొకటి, పచ్చి గడ్డిని బండిలో రాత్రంతా కుప్పగా ఉంచకూడదు. సూక్ష్మజీవులు పని మొదలుపెడితే కుప్ప లోపల వేడెక్కుతుంది, తెల్లారేసరికి వాసన చుట్టుపక్కల ఇళ్లన్నింటినీ లేపుతుంది.

వ్యాఖ్యాత: తోట చెత్తను కంపోస్టుకు ఇస్తే ఖర్చు తగ్గుతుందంటారు, నిజమేనా?

అతిథి: శుభ్రంగా ఉంటే చాలా చోట్ల తగ్గుతుంది. శుభ్రం అంటే ఆకులు, గడ్డి, కొమ్మలు మాత్రమే. అందులో ప్లాస్టిక్ సంచులు, తీగలు, పూలకుండీల ముక్కలు కలిశాయంటే బండెడు తోట చెత్త కాస్తా మామూలు చెత్త అయిపోతుంది, రుసుము కూడా అలాగే పెరుగుతుంది. అందుకే ఎక్కించేటప్పుడే వేరు చేయాలి. యార్డులో నిలబడి ఏరుతానంటే వెనక ఉన్న బండ్లవాళ్లు ఊరుకోరు. చివర దించేది ముందు ఎక్కించాలి, బరువైనవి అడుగున ఉండాలి, పైన వల కట్టాలి.

కంటికి కనిపించని కల్తీ ఒకటుంది. పచ్చికలో కలుపు చావడానికి కొట్టే మందుల్లో క్లోపైరలిడ్, అమైనోపైరలిడ్ లాంటివి కంపోస్టు కుప్పలో కూడా తొందరగా విచ్ఛిన్నం కావు. ఆ ఎరువు వేస్తే టమాటా, చిక్కుడు జాతి మొక్కల ఆకులు మెలితిరిగిపోతాయి. 'ఈమధ్య ఈ గడ్డికి మందేమైనా కొట్టారా?' అని ఇంటివారిని అడగడానికి అర నిమిషం చాలు.

వ్యాఖ్యాత: ఇది నాకూ కొత్త సంగతే. కొందరు తోట చెత్తను తగలబెట్టేస్తారు కదా?

అతిథి: వద్దండీ. చాలా చోట్ల నిషేధం కూడా. పొగ సంగతి అలా ఉంచండి, గన్నేరు లాంటి విషపు మొక్కలు ఆ కుప్పలో ఉంటే వాటి పొగ పీల్చినా ప్రమాదమే. రసాయనాలు పట్టించిన కలప ఇంకా చెడ్డది. పాతకాలపు కంచె గుంజల్లో ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించినవి ఉంటాయి. అవి కంపోస్టుకూ పనికిరావు, పొయ్యికీ పనికిరావు.

వ్యాఖ్యాత: అసలు ముట్టుకోకూడని వస్తువులేమిటి?

అతిథి: ఆస్బెస్టాస్ రేకులు. విరిగితే వాటి పోగులు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి, అది శిక్షణ పొందినవారి పని. గ్యాసు సిలిండర్లు, పురుగుమందుల డబ్బాలు, మిగిలిపోయిన రంగులు మామూలు చెత్తలో వేయకూడదు. ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. ఫ్రిజ్‌లో వాయువును పద్ధతి ప్రకారం తీయాలి, కాబట్టి దాన్ని తీసుకునే చోటు తెలిస్తేనే ఎక్కించండి. నన్ను అన్నిటికన్నా భయపెట్టేవి లిథియం బ్యాటరీలు. పాత బొమ్మలో, పాడైన ఛార్జింగ్ వాక్యూమ్ క్లీనర్‌లో దాక్కుని ఉంటాయి. నలిగితే మంట అంటుకుంటుంది. మంట బండిలో రావచ్చు, యార్డులోనూ రావచ్చు.

వ్యాఖ్యాత: ఇల్లు మొత్తం ఖాళీ చేయించే పనులు కూడా వస్తాయి కదా, ఎవరైనా పోయిన తర్వాత...

అతిథి: వస్తాయి. ఆ పనిలో చేతులకన్నా ముందు నోరు అదుపులో ఉండాలి. ఒకరి జీవితమంతా పోగుచేసుకున్న సామాను మన కళ్ల ముందు ఉంటుంది. దాన్ని 'చెత్త' అనకూడదు, వాళ్లు అన్నా మనం అనకూడదు. నేను ముందుగా ఒక పెట్టె విడిగా పెడతాను. కాగితాలు, ఫొటోలు, తాళంచెవులు, నగల్లాంటివి, ఉత్తరాలు ఏది కనిపించినా అందులోకే. పుస్తకాల మధ్య, కోటు జేబుల్లో, సొరుగు అడుగున అతికించి, ఎక్కడెక్కడో డబ్బు దాస్తారు మనుషులు. పెట్టెను వాళ్ల చేతికిచ్చాకే బండి కదలాలి. వారసులు ఇద్దరు ముగ్గురు ఉంటే, పని చెప్పినవారికి ఆ అధికారం ఉందో లేదో కూడా కనుక్కోవాలి. లేకపోతే సాయంత్రానికి మరొకరు ఫోను చేసి, 'మా అమ్మ కుట్టుమిషను ఎక్కడ?' అంటారు. అప్పటికి అది తుక్కు దుకాణంలో ఉంటుంది.

వ్యాఖ్యాత: అనుమతులు, బీమా?

అతిథి: చాలా దేశాల్లో ఇతరుల చెత్త మోయాలంటే నమోదు చేసుకోవాలి. స్థానిక సంస్థను అడిగితే చెబుతారు. సొంత వాడకానికి తీసుకున్న వాహన బీమా కిరాయి పనికి వర్తించకపోవచ్చు, పాలసీ చదవండి. పని చేసే ఇంటివారి గోడ గీసుకున్నా, తలుపు విరిగినా ఆదుకునే బీమా వేరే తీసుకోవాలి. యార్డు రసీదులన్నీ దాచండి. ఎక్కడో రోడ్డు పక్కన పారేసిన చెత్తలో మీరు పని చేసిన ఇంటి చిరునామా ఉన్న కవరు దొరికితే అధికారులు తట్టేది ఆ ఇంటి తలుపే. మీ దగ్గర రసీదు ఉంటే ఇద్దరూ బయటపడతారు. మరీ తక్కువ ధరకు తీసుకెళ్లేవాడు యార్డుకు వెళుతున్నాడో లేదో అనుమానించాల్సిందే.

వ్యాఖ్యాత: మొదటి పనులు ఎక్కడ దొరుకుతాయి?

అతిథి: తోటపని చేసేవారి దగ్గర. చెట్లు కత్తిరించడం వాళ్లకు వచ్చు, కత్తిరించింది ఎక్కడ పడేయాలన్నది వాళ్ల తలనొప్పి. వాళ్లతో వారానికొక రోజు ఖాయం చేసుకుంటే ఒకే దారిలో నాలుగైదు ఇళ్లు తిరగవచ్చు. ఇళ్లు అద్దెకు ఇప్పించేవారితోనూ పరిచయం పెట్టుకోండి. వెళ్లినవాళ్లు వదిలేసిన పరుపులు వాళ్లకు ఎప్పుడూ ఉంటాయి.

వ్యాఖ్యాత: ఒక శ్రోత ప్రశ్న. కొమ్మలను ముక్కలు చేసే చిప్పర్ యంత్రం మొదట్లోనే కొనాలా?

అతిథి: కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. కొమ్మల కుప్పను అది నాలుగో వంతుకో అంతకన్నా తక్కువకో తగ్గిస్తుంది, నిజమే. కానీ తగ్గేది చోటు, బరువు కాదు. యార్డు దూరంగా ఉండి, బండి చోటు చాలక రెండుసార్లు తిరగాల్సి వస్తుంటే లాభం. దగ్గరే ఉంటే పెద్దగా మిగలదు. పైగా అది చెయ్యి లాగేసుకునే యంత్రం. వాడటం వచ్చినవారు పక్కన ఉండి నేర్పితేనే ముట్టుకోండి. వదులు చొక్కా, వేలాడే చేతి తొడుగులు వద్దు. ఎన్నిసార్లు అద్దెకు తెచ్చారో ఏడాది పాటు రాసుకోండి. ఆ పుస్తకం చూసి కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. మిగిలిన ప్రశ్నలకు వచ్చే భాగంలో జవాబులు చెప్పిస్తాను.

అతిథి: తప్పకుండా. నమస్కారం.