పెద్ద పండగ ఆకులోకి కర్రీ పాయింట్ కూరలు: ఏవి తెచ్చుకోవచ్చు, ఏవి ఇంట్లో వండాలి?

నమస్తే అండి. సంక్రాంతి దగ్గర పడింది. మన వైజాగ్‌లో కర్రీ పాయింట్ల ముందు 'పండగ భోజనం ఆర్డర్లు తీసుకుంటాం' అనే బోర్డులు వచ్చేశాయి. పులిహోర, దప్పళం, కంద బచ్చలి, చిక్కుడుకాయ వేపుడు, గారెలు, పరమాన్నం, అన్నీ డబ్బాల్లో ఇంటికి వచ్చేస్తాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళల్లో ఇది పెద్ద సాయం, నేను కాదనను. మాకు దగ్గర్లో ఉన్న కొట్టు నుంచి మొత్తం భోజనం తెప్పించాను. ఒక్కొక్క డబ్బా విప్పి మీ ముందే తిని చెప్తాను. కొట్టు పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ కొట్టు నుంచి తెచ్చినా పనికొస్తుంది.

రుచి ఒక్కటే చూసి వదిలేయను. మన ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్ద పండగ అంటాం. ఆ రోజు చాలా ఇళ్ళల్లో పెద్దలకి పెడతారు. వాళ్ళ పేరున కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ ముందు వాళ్ళకి ఆకులో వడ్డించి, దణ్ణం పెట్టుకున్నాకే మనం కూర్చుంటాం. అందుకే పండగ ఆకులో ఏ కూరలు ఉండాలన్నది కాలం చేసిన వాళ్ళ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. మా ఇంట్లో తాతయ్యకి కంద బచ్చలి ప్రాణం, మామ్మకి చిక్కుడుకాయ. మా ఎదురు ఫ్లాట్‌లో వాళ్ళ నాన్నగారి కోసం అల్లం పెట్టిన వంకాయ కూర తప్పకుండా చేస్తారు. తాతయ్యని చూడని పిల్లలు కూడా ఆయన కూర ఏదో చెప్పగలుగుతారు. కాబట్టి నేను ఈ డబ్బాలని చూసేది ఒకే ప్రశ్నతో: ఇది ఆ ఆకులో వడ్డించడానికి తగినదేనా?

ముందు పులిహోర. అన్నం విడివిడిగా ఉంది, పులుపు సరిపోయింది. పండక్కి కొత్త బియ్యం వస్తాయి కదా, వాటితో పులిహోర చేస్తే ముద్దయిపోతుంది. వీళ్ళు పాత బియ్యమే వాడారు, మంచి పని చేశారు. వేరుశెనగ గుళ్ళు కరకరలాడుతున్నాయి. లేనిదల్లా ఆవ. మా వైపు పండగ పులిహోరకి ఆవ పెడితేనే ఆ ఘాటు. దీనికి దారి ఉంది. రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు కాసిని నీళ్ళతో మెత్తగా నూరి, పులిహోర పూర్తిగా చల్లారాక కలపండి. ఇది తెచ్చుకోవచ్చు, నాది పూర్తి ఓటు.

దప్పళం దగ్గర నేను ఒప్పుకోను. డబ్బా మీద దప్పళం అని రాశారు, లోపల ఉన్నది సాంబారు. కందిపప్పు ఉంది, ఉల్లిపాయ ఉంది, సాంబారు పొడి వాసన కూడా వస్తోంది. మా ఇళ్ళల్లో దప్పళంలో పప్పు వెయ్యరు. గుమ్మడికాయ, చిలగడదుంప, ఆనపకాయ, వంకాయ, ములక్కాడ పెద్ద పెద్ద ముక్కలు కోసి, చింతపండు పులుసులో ఉడికించి, బెల్లం వేసి, దించే ముందు కొంచెం బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఈ రోజుల్లోనే చెరుకు గానుగలు ఆడుతుంటాయి కాబట్టి అనకాపల్లి నుంచి కొత్త బెల్లం కూడా వచ్చేస్తుంది. ఇంకో సంగతి, పెద్దలకి పెట్టే వంటలో మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి వెయ్యరు. మీ ఇంట్లో కూడా అదే పద్ధతి అయితే ఆర్డర్ ఇచ్చేటప్పుడే గట్టిగా అడగండి. ముక్కలు కోసుకుంటే అరగంటలో అయిపోయే పులుసు ఇది. దీనికి డబ్బులు పెట్టకండి.

చిక్కుడుకాయ వేపుడు పర్లేదు. నూనె కాస్త ఎక్కువైంది.

ఇప్పుడు అసలుది, కంద బచ్చలి. చూడ్డానికి బాగుంది. కంద మెత్తగా ఉడికింది, బచ్చలి ఆకు కలిసిపోయింది, పోపులో ఇంగువ తెలుస్తోంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం చప్పగా ఉండి చివర్లో చేదు తగులుతోంది. ఆవ వేశారు, కానీ పొయ్యి మీద ఉండగా వేశారు. ఆవాలు పొడిగా ఉన్నప్పుడు వాటికి ఘాటు ఉండదు. నలిగి నీళ్ళు తగిలితేనే ఘాటు పుడుతుంది, వేడి తగిలితే అది పోయి చేదు మిగులుతుంది. పొద్దున్నే పెద్ద గిన్నెల్లో వండి, వేడి మీదే డబ్బాల్లో పెట్టి మూత బిగించే చోట ఈ కూర బాగా కుదరడం చాలా కష్టం. వండేవాళ్ళ చేతిలో లోపం లేదు, ఈ కూరకి ఆ పద్ధతి సరిపడదు.

ఇంట్లో ఎలా చెయ్యాలో చెప్తాను. కంద చెక్కు తీసే ముందు చేతులకి నూనె రాసుకోండి. కందలో కాల్షియం ఆక్సలేట్ కంటికి కనపడనంత సన్నటి సూదుల్లా ఉంటుంది, అవి గుచ్చుకునే దురద పెడుతుంది. చింతపండు రసం పోసి బాగా ఉడికిస్తే ఆ దురద తగ్గుతుంది. ముక్క సగం ఉడికాక బచ్చలి, పసుపు, ఉప్పు వేసి, దగ్గర పడ్డాక గరిటతో కొంచెం మెదపండి. మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టి దించెయ్యండి. గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలనంత చల్లారాక ఆవ ముద్ద, ఒక చెంచా పచ్చి నూనె కలపండి. వడ్డించేలోపు ఘాటు కూర అంతా పడుతుంది.

ఉప్పు విషయంలో మా అత్తయ్యగారి మాట చెప్పాలి. పెళ్ళైన కొత్తలో "అత్తయ్యా, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడరూ" అని అడిగాను. "పెద్దలకి పెట్టకుండా ఎంగిలి చెయ్యకూడదమ్మా, చేత్తోనే అంచనా వెయ్యి" అన్నారు. డబ్బాలో వచ్చిన కూరని ఎవరు రుచి చూశారో మనకి తెలియదు. ఆ పట్టింపు ఉన్న ఇళ్ళల్లో కనీసం తాతయ్య కూరో, మామ్మ కూరో ఒక్కటి ఇంట్లో వండండి. మిగతావి బయట నుంచి వచ్చినా ఆకు నిండుగానే ఉంటుంది. నా అభిప్రాయం ఇదే, ఎవరు ఏమనుకున్నా మార్చుకోను.

పరమాన్నం బాగుంది, కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి వేశారు. తెచ్చుకోండి.

గారెలు మాత్రం వద్దు. డబ్బాలో ఆవిరి పట్టి మెత్తబడిపోయాయి, నొక్కితే నూనె కారుతోంది. పైగా గారెలకి అసలు రోజు కనుమ. 'కనుమ నాడు మినుము తినాలి' అంటారు కదా. పొట్టు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా రుబ్బండి. ఉప్పు ముందే వేస్తే పిండి జారిపోయి నూనె తాగుతుంది, అందుకే వేయించే ముందు వెయ్యండి. పొయ్యి మీంచి తీసినవి తీసినట్టు నాటుకోడి పులుసులోకి వెళ్ళాలి. మా ఇంట్లో వేయించేవాళ్ళు వంటింట్లో, తినేవాళ్ళు హాల్లో, మధ్యలో పళ్ళెం పట్టుకుని పిల్లలు. సగం దారిలోనే అయిపోతాయి.

కూరగాయలకి పూర్ణా మార్కెట్‌కి గానీ, ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కి గానీ తెల్లారగట్లే వెళ్ళండి. భోగి ముందు రోజు జనం మామూలుగా ఉండరు. కంద, గుమ్మడికాయ నిల్వ ఉంటాయి కాబట్టి ఇప్పుడే కొని పెట్టుకోండి. కంద కోసిన ముక్క అయితే కోత దగ్గర తడి, మెత్తదనం లేకుండా చూసుకోండి. బచ్చలి మాత్రం ముందు రోజు సాయంత్రమే కొనండి, అంతకు ముందు కొంటే వడిలిపోతుంది.