కషాయం తాగాక ఏం చేయాలి?

అందరికీ నమస్కారం.

జలుబుకీ, సీజన్ మారినప్పుడు వచ్చే జ్వరాలకీ చైనావాళ్లు వాడే మూలికల గురించి చెప్పమన్నారు. ఏ వేరు దేనికి పనిచేస్తుందో జాబితా చదివి మీ సాయంత్రం పాడు చేయను, అది మీ ఫోన్లోనే దొరుకుతుంది. నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. మందు ఎలా కాచాలి, ఎలా తాగాలి, ఎప్పుడు ఆపాలి అని పాత వైద్యులు రాసిపెట్టిన నాలుగు ముక్కలున్నాయే, వాళ్ల అసలు తెలివి అక్కడుంది. ఇవాళ్టి ప్యాకెట్లలో లేనిదీ అదే.

దాదాపు 1800 ఏళ్ల కిందట, హాన్ వంశ పాలన చివరి రోజుల్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఉండేవాడు. తన వంశంలో రెండు వందల మందికి పైగా ఉండేవారనీ, పదేళ్లు తిరక్కుండానే మూడింట రెండొంతుల మంది పోయారనీ, అందులో పదికి ఏడుగురిని చలి తగిలి వచ్చే జ్వరాలే తీసుకుపోయాయనీ తన గ్రంథం ముందుమాటలో రాసుకున్నాడు. ఆ గ్రంథం 'షాంగ్‌హాన్ లున్'. తర్వాత చెల్లాచెదురైపోతే ఇతరులు కూర్చి నిలబెట్టారు. 1065లో సోంగ్ వంశ ప్రభుత్వం అచ్చు వేయించింది. చైనా సంప్రదాయ వైద్య విద్యార్థులు నేటికీ చదువుతారు.

అందులో మొదట వచ్చే మందు గ్వెయ్‌జీ థాంగ్. అయిదే సరుకులు: దాల్చినచెట్టు లేత కొమ్మలు, పియొనీ అనే పూలమొక్క వేరు, వేయించిన అతిమధురం, పచ్చి అల్లం, పన్నెండు ఎండు రేగుపళ్లు. ఏడు కొలతల నీళ్లు పోసి సన్నసెగ మీద మూడు కొలతలయ్యేదాకా కాచి, ఒక కొలత గోరువెచ్చగా తాగాలి. ఇంతవరకూ మన అమ్మమ్మలకి తెలియనిదేం లేదు. తమాషా అంతా దాని తర్వాతే.

మందు తాగిన కాసేపటికి వేడివేడి పల్చటి బియ్యపు జావ తాగాలి, అది మందుకి బలం ఇస్తుంది. తర్వాత సుమారు రెండు గంటలు దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమ్మగిల్లితే మంచిది. నీళ్లలా కారిపోకూడదు, అలా కారితే జబ్బు పోదు. మొదటి మోతాదుతోనే చెమట పట్టి నయమైతే అక్కడితో ఆపేయాలి, కాచింది మిగిలిపోయిందని మొత్తం తాగక్కర్లేదు. పట్టకపోతే రెండోసారి ఇవ్వాలి. జబ్బు ముదిరితే పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండాలి. పత్యం కూడా చెప్పాడు: పచ్చివీ చల్లనివీ, జిగురువీ, మాంసం, సారా, పాల పదార్థాలు వద్దు. మందు రాసినదానికన్నా ఎక్కువ చోటు ఈ సూచనలకే పోయింది.

ఇంకో మాట. ఈ మందు జలుబు చేసిన అందరికీ కాదు. జ్వరం ఉండి, గాలి తగిలితే వణుకుతూ, చెమట పడుతున్నవాళ్లకి ఇది. చెమటే పట్టక, ఒళ్లునొప్పులతో ఆయాసపడేవాళ్లకి మాహువాంగ్ థాంగ్. అందులో మాహువాంగ్ అనే పుల్లల్ని ముందుగా విడిగా కాచి, పైకి వచ్చిన నురగ తీసేయమన్నాడు. దీనికి జావ అవసరం లేదన్నాడు. గొంతు ఎండిపోయినవాళ్లకీ, తరచూ ముక్కులోంచి రక్తం కారేవాళ్లకీ చెమట పట్టించొద్దని కూడా హెచ్చరించాడు.

ఎందుకంత జాగ్రత్తో తర్వాత తెలిసింది. మాహువాంగ్ అంటే ఎఫెడ్రా అనే మొక్క. 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయ్ దాన్నుంచి ఎఫెడ్రిన్ అనే మందు పదార్థాన్ని విడదీశాడు. 1920లలో బీజింగ్‌లో చెన్, ష్మిట్ అనే ఇద్దరు దాన్ని ఆధునిక వైద్యానికి పరిచయం చేశారు. చాలాకాలం ఉబ్బసానికి అదే దిక్కు. గుండె వేగాన్నీ రక్తపోటునీ పెంచే సరుకది. అమెరికాలో దాన్ని బరువు తగ్గే బిళ్లల్లో కలిపి ఇష్టమొచ్చినట్టు అమ్మారు, ప్రాణాలు పోయాయి, 2004లో నిషేధించారు. మొక్క అదే, వాడకం సూచనలే మాయం.

మరి ఇవి పనిచేస్తాయా? జలుబు మామూలుగా వారానికల్లా దానంతటదే తగ్గుతుంది కాబట్టి ఏం తాగినా తగ్గినట్టే ఉంటుంది. అయినా పరీక్షలు లేకపోలేదు. 2009 స్వైన్ ఫ్లూ సమయంలో చైనాలోని 11 ఆసుపత్రుల్లో 410 మంది మీద ఒకటి చేశారు. ఏ మందూ ఇవ్వనివాళ్లకి జ్వరం తగ్గడానికి సుమారు 26 గంటలు పడితే, మూలికల కషాయం తాగినవాళ్లకి 16 గంటలు పట్టింది. కొట్టిపారేసే తేడా కాదు. కానీ ఎవరు ఏం తాగుతున్నారో అందరికీ తెలుసు, ఉత్తుత్తి మందుతో పోల్చలేదు, రోగులు కూడా జబ్బు తేలికగా ఉన్నవాళ్లే. కాబట్టి నేను దీన్ని సగం మాటగానే తీసుకుంటాను.

సూచనల విలువ తెలియాలంటే చైనా శాస్త్రవేత్త తూ యోయో సంగతి చూడాలి. మలేరియా మందు కోసం ఆమె బృందం చింగ్‌హావ్ అనే మొక్కని పరీక్షిస్తే ఫలితం నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ పుస్తకంలో, పిడికెడు చింగ్‌హావ్ నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని ఆమెకి తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్ అనే ద్రవంతో తక్కువ వేడి దగ్గర సారం తీస్తే 1971లో ఎలుకల్లో మలేరియా లొంగింది. 2015లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు ప్యాకెట్ల సంగతి. చైనాలో ఎం.బి.బి.ఎస్. చదివొచ్చిన మన పిల్లల పెట్టెల్లో కూడా కనిపిస్తాయివి. గన్‌మావ్‌లింగ్ అని వేడినీళ్లలో కలుపుకునే పొడి ఉంది. మూలికలే కదా అనుకుంటారు. అందులో పారాసెటమాల్, తుమ్ములూ ముక్కు కారడమూ తగ్గించే క్లోర్‌ఫెనిరమైన్, కెఫీన్ కూడా ఉంటాయి. దాని మీద ఇంకో జ్వరం బిళ్ల వేసుకుంటే పారాసెటమాల్ రెండు దారుల్లో లోపలికి పోతుంది, కాలేయానికి ప్రమాదం. క్లోర్‌ఫెనిరమైన్ వల్ల మగత వస్తుంది, బండి నడపకూడదు. లియన్‌హువా చింగ్‌వెన్ అని ఇంకోటి, 2022లో షాంఘై లాక్‌డౌన్‌లో ఇంటింటికీ పంచారు, జబ్బు లేని ఇళ్లకి కూడా. అందులో మాహువాంగ్ ఉంది. చెమట పడుతోందా అని అడిగేవాడు లేడు.

బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు మాహువాంగ్ ఉన్నవి ముట్టుకోవద్దు. అతిమధురం కూడా రోజుల తరబడి తాగితే బీపీ పెంచుతుంది, మన పచారీ కొట్లో కొన్నదైనా సరే. గర్భిణులకీ చిన్నపిల్లలకీ డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు. ఆయాసం వచ్చినా, మూడు రోజులకి జ్వరం దిగకపోయినా కషాయం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా మీద చైనా అక్షరాలు తప్ప ఇంకేం లేకపోతే ఫోన్ కెమెరా పెట్టి చదివించుకోండి, అదీ కుదరకపోతే తాగకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.