జాతి కుక్కల పెంపకం, ప్రదర్శన: మారిన నియమాలు, అవి వచ్చిన దారి

అందరికీ నమస్కారం.

జాతి కుక్కల బ్రీడర్లకూ, షోలలో కుక్కల్ని ప్రదర్శించేవాళ్లకూ ఇటీవల వచ్చిన నియమాల మార్పుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నియమాల పట్టిక చదివి కూర్చోవడం నాకు ఇష్టం లేదు. దేశానికో చట్టం, క్లబ్బుకో రూలు ఉంటాయి. మీకు వర్తించేవి మీ క్లబ్ కాగితాల్లో చూసుకోవచ్చు. అవి ఏ కారణంతో వస్తున్నాయో, ఎటు వెళ్తున్నాయో చెబుతాను.

ఈ పదిహేను, ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పుల్ని వరసగా పెట్టి చూస్తే వాటిలో చాలావరకు ఒకే దారిలో వచ్చాయి. ముందు జబ్బు సంగతి బయటపడింది. కొన్నేళ్లకు దానికి పరీక్ష వచ్చింది. కొందరు బ్రీడర్లు వెంటనే పరీక్షలు చేయించారు, ఎక్కువమంది చేయించలేదు. చివరికి నియమం వచ్చింది. జబ్బు సంగతి తెలిసిన రోజుకీ నియమం వచ్చిన రోజుకీ మధ్య పుట్టిన పిల్లలు ఆ ఆలస్యాన్ని తమ ఒంటి మీద మోశాయి. ఆ మధ్యకాలాన్ని తగ్గించడం బ్రీడర్ల చేతిలో ఉన్న పని. ఇవాళ నేను చెప్పేదంతా దాని గురించే.

నార్వేతో మొదలుపెడతాను. అక్కడి జంతు సంరక్షణ సంస్థ ఒకటి, జాతి కుక్కల్ని రిజిస్టర్ చేసే కెన్నెల్ క్లబ్ మీదా, జాతి క్లబ్బుల మీదా, కొందరు బ్రీడర్ల మీదా కేసు వేసింది. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్, ఇంగ్లిష్ బుల్‌డాగ్ జాతుల్ని ఇప్పుడున్న తీరులో పెంచడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని ఆ సంస్థ వాదన. 2022 జనవరిలో ఓస్లో జిల్లా కోర్టు రెండు జాతుల విషయంలోనూ ఒప్పుకుంది. అప్పీల్లో బుల్‌డాగ్ బ్రీడర్లకు ఊరట దొరికింది. కావలియర్ కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ జాతిని ఆ జాతిలోనే జతకట్టిస్తూ పోవడం చట్టవిరుద్ధమని 2023 అక్టోబరులో తీర్పు వచ్చింది. శాస్త్రీయంగా ప్లాన్ చేసి వేరే జాతితో కలిపే క్రాస్ బ్రీడింగ్‌కు మాత్రం దారి తెరిచి ఉంచారు.

ఈ వార్త విని చాలామంది బ్రీడర్లు టెన్షన్ పడ్డారు. రేపు మన జాతి వంతేనేమో అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ కావలియర్ చరిత్ర చూడండి. ఆ జాతిలో గుండె కవాటం జబ్బు చిన్న వయసులోనే మొదలవుతుంది. మెదడుకు చాలినంత చోటు లేని పుర్రె వల్ల వెన్నుపాములో నీటి బుడగలు ఏర్పడే జబ్బు ఇంకొకటి. గుండె జబ్బు విషయంలో ఏం చేయాలో 1990ల చివరి నుంచీ తెలుసు. రెండున్నరేళ్లు నిండకుండా మేటింగ్ వద్దు. నిండినా గుండె చప్పుడులో మర్మర్ అనే అదనపు శబ్దం లేదని పరీక్షలో తేలాలి. ఆ కుక్క తల్లిదండ్రులకు అయిదేళ్ల వయసులో గుండె బాగుండాలి. ఇంతే. డెన్మార్క్‌లో గుండె పరీక్షల పద్ధతిని తప్పనిసరి చేస్తే తర్వాతి తరాల్లో జబ్బు బాగా తగ్గింది. అంటే పని జరగని చోట కోర్టు వచ్చింది. కోర్టు ఒక్కసారి వచ్చాక బ్రీడర్ మాటకు విలువ తగ్గుతుంది. అందుకే ముందే కదలాలని ఇంత గట్టిగా అంటున్నాను.

ఇదే జాతి గురించి ఎగ్జిబిటర్లు గుర్తుంచుకోవాల్సిన మరో సంగతి ఉంది. 1926లో రోస్‌వెల్ ఎల్డ్రిడ్జ్ అనే అమెరికన్, పాత చిత్రాల్లో కనిపించే పొడుగు ముక్కు స్పానియల్‌ను తెచ్చినవాళ్లకు బ్రిటన్ పెద్ద కుక్కల షో అయిన క్రఫ్ట్స్ షోలో 25 పౌండ్ల బహుమతి ఇస్తానని ప్రకటించాడు. అప్పటికి ఫ్యాషన్ అంతా చప్పిడి ముక్కుది. ఆ బహుమతి కోసం కొందరు పెంపకం దిశ మార్చుకున్నారు. 1928లో కొత్త రకం ఎలా ఉండాలో చెప్పే స్టాండర్డ్ రాసుకున్నారు. 1945లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ కావలియర్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. రింగ్‌లో దేనికి బహుమతి ఇస్తే జాతి అటు నడుస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. బహుమతి ముక్కును పొడుగు చేయగలిగింది. కాబట్టి ఊపిరినీ, నడకనూ, కళ్లనూ బాగుచేయగలదు.

ఇక రింగ్ నియమాలు. 2008లో బ్రిటన్ టీవీలో వచ్చిన ఒక డాక్యుమెంటరీ జాతి కుక్కల జబ్బుల్ని జనం ముందు పెట్టింది. 2009లో కెన్నెల్ క్లబ్ అన్ని జాతుల స్టాండర్డ్‌లనూ తిరగరాసింది. అతిగా ఉండే లక్షణాల్ని ప్రోత్సహించే మాటల్ని తీసేసింది. 2012లో మరో అడుగు వేసింది. సమస్యలు ఎక్కువగా ఉన్న 15 జాతుల్లో 'బెస్ట్ ఆఫ్ బ్రీడ్', అంటే తన జాతిలో మొదటి స్థానం, గెలిచిన కుక్కను, షోతో సంబంధం లేని పశువైద్యుడు చూసి సరే అన్న తర్వాతే పలు జాతులు కలిసే గ్రూప్ పోటీకి పంపాలని నిర్ణయించింది. ఆ ఏడాది క్రఫ్ట్స్‌లో ఆ 15లో ఆరు కుక్కలు ఆ పరీక్ష దాటలేదు. బుల్‌డాగ్, పెకినీస్, బాసెట్ హౌండ్, మాస్టిఫ్, నియాపొలిటన్ మాస్టిఫ్, క్లంబర్ స్పానియల్.

అప్పుడు లేచిన కోపం చిన్నది కాదు. డాక్టరుకు జాతి తెలియదు అన్నారు. కానీ ఆ డాక్టర్ల చేతిలో ఉన్నది చిన్న టార్చి లైటు మాత్రమే. స్కానింగూ లేదు, రక్త పరీక్షా లేదు. కంటిలో పుండు, ముడతల్లో చర్మం వాపు, నడకలో కుంటు, ఊపిరిలో ఇబ్బంది ఇలాంటి పైకి కనిపించేవే చూశారు. టార్చి లైటులో డాక్టరుకు కనిపించింది అంతకు ముందు జడ్జికి ఎందుకు కనిపించలేదు, ఇంట్లో యజమానికి ఎందుకు కనిపించలేదు అన్నది అసలు ప్రశ్న. అలవాటు పడితే జబ్బు కూడా జాతి లక్షణంలా అనిపిస్తుంది. 'ఈ జాతి ఇలాగే గురక పెడుతుంది' అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు!

ఆ గురక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బుల్‌డాగ్ పెంచేవాళ్లు ఈ హాల్లో ఉండే ఉంటారు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ కలిసి 2019లో ఈ మూడు జాతులకూ శ్వాస పరీక్ష తెచ్చాయి. ముందు కుక్క విశ్రాంతిగా ఉన్నప్పుడు డాక్టరు గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టి వింటాడు. తర్వాత మూడు నిమిషాలు దాన్ని చిన్న పరుగులాంటి ట్రాట్‌లో నడిపిస్తారు. మళ్లీ వింటాడు. సున్నా నుంచి మూడు దాకా గ్రేడ్ ఇస్తాడు. మూడు వస్తే ఆ కుక్కతో పిల్లల్ని తీయకూడదు. రెండు వస్తే సున్నా లేదా ఒకటి ఉన్న కుక్కతోనే జత. ఏడాది నిండిన కుక్కకే ఈ పరీక్ష. వయసుతో పరిస్థితి మారుతుంది కాబట్టి రెండేళ్లకోసారి మళ్లీ చేయించాలి. ముఖం చూసి గ్రేడ్ చెప్పలేం. ఒకేలా కనిపించే రెండు ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో ఒకటి సున్నా, ఇంకొకటి మూడు కావచ్చు. పరీక్ష విలువంతా అక్కడే ఉంది. ఇంకో మాట, ఈ జాతుల్లో బరువు పెరిగితే శ్వాస ఇంకా చెడుతుంది. షోకు నిండుగా కనిపించాలని మేపేవాళ్లు దయచేసి ఈ ఒక్కటి మానండి.

పరీక్షకు ఒప్పుకోని చోట ప్రభుత్వాలు కొలబద్దతో వచ్చాయి. నెదర్లాండ్స్ 2019లో కొలతలు ప్రకటించింది. మూతి పొడవు పుర్రె పొడవులో మూడో వంతు కంటే తక్కువ ఉన్న కుక్కతో పిల్లల్ని తీయకూడదు. జర్మనీ 2022 జనవరి నుంచి, బాధ కలిగించే వంశపారంపర్య లక్షణాలున్న కుక్కల్ని షోలో ప్రదర్శించడాన్నే నిషేధించింది. దాంతో అక్కడ షోకు ఎంట్రీ పంపేటప్పుడు ఆరోగ్య పరీక్షల కాగితాలు అడగడం మొదలైంది. కొలబద్ద నాకు పూర్తిగా నచ్చదు, ఎందుకంటే పొట్టి మూతి ఉన్నా హాయిగా ఊపిరి తీసే కుక్కలు ఉంటాయి. అయినా శ్వాస పరీక్షల్ని బ్రీడర్లే ముందు పట్టుకుని ఉంటే కొలబద్ద అవసరం వచ్చేది కాదేమో.

రిజిస్ట్రేషన్ నియమాలు త్వరగా చెప్పేస్తాను, వీటిలో వివాదం తక్కువ. బ్రిటన్‌లో తండ్రీకూతుళ్లు, తల్లీకొడుకులు, ఒకే తల్లిదండ్రుల పిల్లల మధ్య మేటింగ్‌తో పుట్టిన లిట్టర్లను, అంటే ఒక ఈత పిల్లల్ని, 2009 నుంచి రిజిస్టర్ చేయడం లేదు. 2012 నుంచి ఒక ఆడకుక్కకు జీవితంలో నాలుగు ఈతలు మించితే రిజిస్ట్రేషన్ లేదు. రెండు సిజేరియన్లు అయ్యాక పుట్టిన ఈతకూ లేదు. ఒంటి రంగు అక్కడక్కడా వెలిసినట్టుండే మెర్ల్ రంగు కుక్కలు రెండిటిని కలిపితే సగటున నాలుగో వంతు పిల్లలకు ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. చెవుడు, కంటి లోపాలు వాటిలో ఎక్కువ. ఆ మేటింగ్ లిట్టర్లను 2013 నుంచి ఆపేశారు. తోక కత్తిరించడం, చెవులు కోయడం చాలా యూరప్ దేశాల్లో నేరం. 2007 ఏప్రిల్ తర్వాత తోక కత్తిరించిన కుక్కను ఇంగ్లండ్‌లో టికెట్ పెట్టిన షోలో చూపించడం కూడా కుదరదు. విదేశీ కుక్కను కొనేవాళ్లు, విదేశీ షోకు తీసుకెళ్లేవాళ్లు దీన్ని ముందే చూసుకోవాలి. చర్మం కింద వేసే గుర్తింపు మైక్రోచిప్ 15 అంకెల ఐఎస్ఓ ప్రమాణంలో ఉండాలి. డీఎన్ఏ శాంపిల్ తీసే ముందే చిప్ వేయించండి. చిప్ నంబరు లేని రిపోర్టు ఏ కుక్కదో నిరూపించలేరు.

ఇప్పుడు డాల్మేషియన్ కథ. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జన్యు లోపం ఒకటి ఆ జాతి మొత్తంలో స్థిరపడిపోయింది. దాదాపు ప్రతి డాల్మేషియన్‌లోనూ అది రెండు కాపీలుగా ఉంటుంది. అందువల్ల మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై రాళ్లు ఏర్పడే ముప్పు ఉంటుంది. మగకుక్కల్లో మూత్రనాళం సన్నం కాబట్టి రాయి అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. జాతి లోపల ఆ లోపం లేని కుక్కే లేకపోతే ఎన్ని పరీక్షలు చేసినా ఏం లాభం? 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యు శాస్త్రవేత్త వేరే జాతి అయిన పాయింటర్‌తో ఒక్కసారి క్రాస్ చేశాడు. ఆ తర్వాత ప్రతి తరంలోనూ యూరిక్ యాసిడ్ తక్కువున్న పిల్లను ఎంచి మళ్లీ డాల్మేషియన్‌తోనే కట్టించుకుంటూ వచ్చాడు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ వంశంలో రెండు కుక్కల్ని రిజిస్టర్ చేసింది. జాతి క్లబ్ సభ్యులు ఒప్పుకోలేదు, తలుపు మూసుకుంది. 2008లో ఆ జన్యువు ఏదో శాస్త్రవేత్తలు గుర్తించారు. అమెరికాలో ఆ కుక్కలకు మళ్లీ చోటు దొరికింది 2011లో.

క్రాస్ చేసిన ఏడాదికీ అంగీకారానికీ మధ్య 38 ఏళ్లు. 'రక్తం కలుషితమవుతుంది' అన్న ఒక్క అభ్యంతరం మీద ఇంత కాలం గడిచింది. లెక్క చూడండి. ప్రతి తరంలోనూ పాయింటర్ భాగం సగటున సగం అవుతుంది. క్రాస్‌తో పుట్టిన మొదటి తరంలో సగం, పదో తరానికి వెయ్యిలో ఒక వంతు. మచ్చలు, ఒడ్డూపొడుగూ, స్వభావం అన్నీ డాల్మేషియన్‌వే. పాలలో తోడు చుక్కలా ఆ ఒక్క మంచి జన్యువు జాతిలోకి వచ్చింది. స్వచ్ఛమైన జాతి మీద నాకు గౌరవం ఉంది. కానీ జాతి వంశాలు రాసే స్టడ్ పుస్తకం మూసి ఉండటమే జాతిని కాపాడుతుందని ఇక నేను నమ్మలేను. అవసరమైనప్పుడు, శాస్త్రవేత్తల సలహాతో, లెక్కగా తలుపు తెరవడం కూడా కాపాడటమే.

తలుపు తెరవాల్సిన అవసరం రాకుండా చూడటం ఇంకా మంచిది. అది మేటింగ్ ఎంపికలో మొదలవుతుంది. కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ బ్రీడింగ్ సిఫార్సుల్లో ఒకటి అందరూ పాటించదగ్గది. అయిదేళ్లలో ఒక జాతిలో రిజిస్టరైన పిల్లల్లో అయిదు శాతానికి మించి ఒకే మగకుక్క పిల్లలు ఉండకూడదు. ఏడాదికి 200 పిల్లలు రిజిస్టరయ్యే జాతి అనుకుందాం. అయిదేళ్లకు వెయ్యి, అందులో ఒక మగకుక్కకు 50 పిల్లలు హద్దు. పెద్ద షో గెలిచిన ఛాంపియన్ దగ్గరికి అందరూ పరుగెడితే ఈ హద్దు రెండేళ్లలోనే దాటిపోతుంది. ఆ కుక్కలో దాగి ఉన్న లోపం బయటపడేసరికి అది జాతి నిండా ఉంటుంది. ఛాంపియన్ అన్నతో జత కుదరకపోతే అదే ఈతలో పుట్టిన తమ్ముడిని చూడండి. గెలవని కుక్కలో కూడా ఆ జాతికి కావాల్సిన వారసత్వం ఉంటుంది.

డీఎన్ఏ పరీక్షల విషయంలో ఎదురువైపు పొరపాటు జరుగుతోంది. క్యారియర్ అని, అంటే లోపమున్న జన్యువు ఒక్క కాపీ ఉందని, రిపోర్టు రాగానే ఆ కుక్కను పెంపకం నుంచి తీసేస్తున్నారు. రెండు కాపీలుంటేనే జబ్బు వచ్చే లోపాల్లో, క్యారియర్‌ను ఆ లోపం లేని క్లియర్ కుక్కతో కట్టిస్తే ఒక్క పిల్లకూ ఆ జబ్బు రాదు. సగటున సగం పిల్లలు క్లియర్‌గానే పుడతాయి. వాటిని పరీక్షించి ముందుకు తీసుకెళ్లవచ్చు. క్యారియర్లన్నిటినీ పక్కన పెడితే ఒక జబ్బు పోయి జాతి ఇరుకవుతుంది, ఇంకో జబ్బు పైకి వస్తుంది. తల్లీతండ్రీ క్లియర్ కాబట్టి పిల్లలూ క్లియర్ అని తరాల తరబడి రాసుకుంటూ పోవడం కూడా ప్రమాదమే. బ్రిటన్ క్లబ్ దాన్ని రెండు తరాలకే పరిమితం చేసింది. ఎక్కడో ఒక చోట పేరెంటేజీ తప్పుగా రాస్తే ఆ కింద ఉన్నవన్నీ తప్పే కదా.

చివరిగా, తుంటి కీళ్ల లోపాలు చూపే ఎక్స్‌రేలు. బ్రిటన్ పద్ధతిలో ఒక్కో తుంటికి 53 దాకా, రెండూ కలిపి 106 దాకా స్కోరు. ఎంత తక్కువైతే అంత మంచిది. జాతి మధ్యస్థ స్కోరుతో పోల్చి ఎంచుకోవాలని సలహా. అయితే ఎక్స్‌రే చూడగానే బాగాలేదని తెలిసి దాన్ని స్కోరింగ్‌కు పంపకుండా ఆపేసేవాళ్లు ఉన్నారు. అప్పుడు ఆ మధ్యస్థమే నిజం కంటే మెరుగ్గా కనిపిస్తుంది. మీ కుక్కను ఇంకొకరు ఎంచుకునేటప్పుడు దాని స్కోరుతోపాటు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల స్కోర్లు కూడా కావాలి. చెడ్డ స్కోరు వచ్చిన కుక్క యజమాని దాన్ని బయటపెడితే, ఆయన గురించి రింగ్ బయట గుసగుసలు ఆపాల్సిన బాధ్యత క్లబ్ పెద్దలది. అది జరగనంత కాలం ఎక్స్‌రేలు బీరువాల్లోనే ఉండిపోతాయి. ఈ ఏడాది మీ క్లబ్బుల సర్వసభ్య సమావేశంలో అన్ని ఫలితాలనూ, మంచివీ చెడ్డవీ, ప్రచురించాలన్న తీర్మానం పెట్టమని కోరుతున్నాను. తీర్మానం ఎలా రాయాలో కావాలంటే నేను కూర్చుని సాయం చేస్తాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. శ్వాస పరీక్ష గురించి ముందు తీసుకుందాం, తర్వాత రిజిస్ట్రేషన్ సంగతులు.