టర్బైన్ బేరింగ్ మీది మచ్చలు ఏం చెబుతాయి?

[తెర మీద: టర్బైన్ హాలు. తిరుగుతున్న షాఫ్ట్ దగ్గరి దృశ్యం.]

రామగుండంలోనైనా, సింహాద్రిలోనైనా కరెంటు పుట్టించే పెద్ద టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసే షాఫ్ట్, ఆ షాఫ్ట్ బరువు మోస్తూ తిరగనిచ్చే గూడు బేరింగ్. బేరింగ్‌లో కూర్చునే చోట షాఫ్ట్ వ్యాసం 400 మిల్లీమీటర్లు అనుకుందాం. లెక్క వేస్తే దాని ఉపరితలం గంటకు 225 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతోంది. అంత వేగంలో, టన్నుల బరువుతో లోహం లోహాన్ని రాసుకుంటే నిమిషం కూడా నిలవదు. మరి ఏళ్ల తరబడి ఎలా తిరుగుతోంది? మధ్యలో నూనె పొర ఉంది కాబట్టి. బాగా సన్నబడిన చోట ఆ పొర మందం తల వెంట్రుకంత ఉంటుంది, ఒక్కోసారి అంత కూడా ఉండదు.

[తెర మీద: పాత రైలు ఇరుసు బేరింగ్ బొమ్మ. పైన రంధ్రం, అందులో బిరడా.]

1883 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తున్నాడు. నూనె పోయడానికని పైన రంధ్రం చేస్తే, తిరిగేటప్పుడు నూనె అందులోంచే ఎదురు పొంగింది. బిరడా పెడితే బయటికి తోసేసింది. చెక్క మేకు కొట్టినా అంతే. గేజ్ పెట్టి చూస్తే, బేరింగ్ మీది సగటు భారానికి రెట్టింపు దాటిన ఒత్తిడి కనిపించింది. 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దీనికి గణితం రాశాడు. షాఫ్ట్ నూనెను వెడల్పు సందులోంచి ఇరుకు సందులోకి లాక్కెళ్తుంది, అక్కడ పుట్టే ఒత్తిడే షాఫ్ట్‌ను పైకెత్తుతుంది.

అందుకే అరుగుదల అంటే కాస్త లోహం పోవడం మాత్రమే కాదు. ఆ సందు ఆకారమే చెడిపోతుంది, బరువు మోసే ఒత్తిడి పుట్టేది ఆ ఆకారంలోనే.

[తెర మీద: బేరింగ్ అడ్డుకోత. క్లియరెన్స్ పెరుగుతున్నట్టు యానిమేషన్.]

క్లియరెన్స్, అంటే షాఫ్ట్‌కూ బేరింగ్‌కూ మధ్య ఖాళీ, పెరిగితే షాఫ్ట్‌కు నూనెలో పట్టు తగ్గుతుంది. షాఫ్ట్‌ను అంటుకున్న నూనె షాఫ్ట్ వేగంతో, బేరింగ్ గోడను అంటుకున్నది కదలకుండా ఉంటాయి. సగటున నూనె సగం వేగంతో తిరుగుతుంది. పట్టు తప్పిన షాఫ్ట్‌ను ఆ నూనె తనతోపాటు గుండ్రంగా తిప్పడం మొదలుపెడుతుంది. దీన్నే ఆయిల్ వర్ల్ అంటారు. వైబ్రేషన్ గ్రాఫ్‌లో షాఫ్ట్ వేగాన్ని, అంటే సెకనుకు 50 చుట్లను, చూపే 50 హెర్ట్జ్ గీత పక్కన, 25కి కాస్త లోపు ఇంకో గీత లేచిందంటే అనుమానించాల్సింది దీన్నే. ఆ గీత రోటర్ (షాఫ్ట్‌తో సహా తిరిగే భాగమంతా) సహజ కంపనంతో కలిసిందంటే వేగం పెంచినా అక్కడే ఉండిపోతుంది. అప్పుడిక మెషిన్ ఆపక తప్పదు.

[తెర మీద: విప్పిన బేరింగ్ కింది సగం. కెమెరా నెమ్మదిగా దగ్గరికి.]

లోపలి పూత వైట్ మెటల్, అంటే ఎక్కువ పాళ్లు తగరం. 1839లో పేటెంట్ పొందిన ఐజాక్ బాబిట్ పేరు మీద బాబిట్ అని కూడా అంటారు. మెత్తగా ఉండటమే దీని గొప్ప. దుమ్ము రేణువు వస్తే తనలో ఇముడ్చుకుని షాఫ్ట్‌ను కాపాడుతుంది. రేణువు పెద్దదైతే మాత్రం తిరిగే దిశలో పొడవాటి గీతలు పడతాయి. నూనె ఆగిపోతేనో, వేగం తక్కువున్నప్పుడు పొర నిలవకపోతేనో మెటల్ మెత్తబడి పక్కకు పూసుకుపోతుంది. సుమారు 240 డిగ్రీల దగ్గరే కరగడం మొదలయ్యే లోహం ఇది. షాఫ్ట్‌ను ముందే పైకెత్తే జాకింగ్ ఆయిల్, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడిచే అత్యవసర పంపు ఉన్నది ఈ ప్రమాదం కోసమే.

ఎక్కువమంది పొరబడేది ఇంకో మచ్చ దగ్గర. నిగనిగలాడాల్సిన మెటల్ ఇసుకతో కొట్టినట్టు మసకబారి ఉంటుంది. నూనెలో మట్టి చేరిందనుకుని ఫిల్టర్ మార్చి ఊరుకుంటారు. భూతద్దం పెట్టి చూడండి. గీతలు ఉండవు, అంచులు కరిగిన గుండ్రటి చిన్న గుంటలు ఉంటాయి. అది కరెంటు చేసిన పని. టర్బైన్ చివరి దశల్లో తడి ఆవిరి బిందువుల వల్ల షాఫ్ట్‌కు విద్యుదావేశం చేరుతుంది. బయటికి దారి లేకపోతే నూనె పొరను చీల్చుకుని బేరింగ్‌లోకి దూకుతుంది, ఒక్కో మెరుపుకు ఒక్కో గుంట. ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఇది ఆగదు. షాఫ్ట్‌ను తాకుతూ ఉండే ఎర్తింగ్ బ్రష్ అరిగిందా, నూనె మడ్డి పట్టిందా అని చూడాలి. జనరేటర్ వెనక బేరింగ్ ఇన్సులేషన్ కూడా కొలవాలి.

[తెర మీద: గుడ్డతో బేరింగ్ తుడవబోతున్న చేయి. ఆపమని సైగ చేస్తున్న ఇంకో చేయి.]

కాబట్టి ఓవర్‌హాల్‌లో, అంటే మెషిన్ విప్పి చేసే పెద్ద మరమ్మతులో, బేరింగ్ విప్పగానే ఎమెరీ కాగితం అందుకోకండి. తిరిగే దిశ గుర్తు పెట్టండి, తుడవక ముందే ఫోటోలు తీయండి. కింది సగంలో మచ్చ నడిమధ్యన ఉందా, ఒక అంచుకే ఉందా చూడండి. ఒక అంచుకే ఉంటే ముందు అలైన్‌మెంట్, అంటే షాఫ్ట్ బేరింగ్‌లో వంకర లేకుండా కూర్చునే తీరు, సరిచేయాలి. అది చేయకుండా కొత్త బేరింగ్ బిగిస్తే, అదే అంచున మళ్లీ అరుగుతుంది.