గ్లూటాథయోన్ రిపోర్టుతో వచ్చే అమ్మానాన్నలకు

అందరికీ నమస్కారం. మారతహళ్లి నుంచి, కె.ఆర్. పురం నుంచి ఈ ట్రాఫిక్‌లో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. మధ్యలో ఏ పిల్లాడైనా లేచి తిరిగినా, గట్టిగా అరిచినా ఎవరూ సారీ చెప్పక్కర్లేదు. నేను కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడతాను.

ఆటిజం ఉన్న పిల్లల్ని తీసుకుని బెంగళూరులో నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లు ఈమధ్య ఆక్సిడేటివ్ స్ట్రెస్ రిపోర్టులు తెస్తున్నారు. గ్లూటాథయోన్ తక్కువ అని ఉంటుంది. దాని వెంటే, ఆటిజానికి అదే కారణమన్నట్టు, పొడవాటి మందుల చీటీ. అసలు సంగతేమిటో చూద్దాం.

ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా, మనం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. పొయ్యి మండితే కొంత పొగ తప్పనట్టే, కణాలు శక్తిని తయారు చేసుకునేటప్పుడు హాని చేయగల ఆక్సిజన్ అణువులు కొన్ని పుడతాయి. వాటిని అణచడానికి కణం తయారు చేసుకునే ముఖ్యమైన పదార్థమే గ్లూటాథయోన్. అణచగలిగిన దానికంటే పుట్టేది ఎక్కువైతే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం.

2004లో అమెరికాలో జిల్ జేమ్స్ బృందం ఆటిజం ఉన్న పిల్లల రక్తంలో గ్లూటాథయోన్ తక్కువగా ఉందని చూపింది. తర్వాత మరికొన్ని అధ్యయనాలూ అదే చెప్పాయి. కాబట్టి ఇది కట్టుకథ కాదు. కానీ ఆ రక్తం తీసింది ఆటిజం బయటపడ్డాక. అప్పటికే ఆ పిల్లల్లో చాలామందికి తిండి రెండు మూడు రకాలకే పరిమితమై ఉంటుంది, నిద్ర సరిగా ఉండదు. ఈ తేడా ఆటిజానికి కారణమో, దాని వెంట వచ్చిందో ఆ పరీక్ష చెప్పలేదు. పైగా అది గుంపుల సగటు. దాన్నిబట్టి మీ బాబుకు మందు రాయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

మందులూ ప్రయత్నించారు. గ్లూటాథయోన్‌కు ముడిసరుకైన ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌తో 2012లో జరిగిన చిన్న పరీక్షలో పిల్లల చిరాకు తగ్గింది. 2016లో వచ్చిన మరో పరీక్షలో, నలుగురితో కలవడంలో మార్పేమీ కనబడలేదు. పరిశోధన సాగాలి, నేనూ కోరుకుంటాను. కానీ ఒంట్లోని లోహాలను బయటికి లాగుతామంటూ, కీలేషన్ పేరుతో పసిపిల్లల నరాల్లోకి మందులెక్కిస్తున్నారే, అది వింటే నాకు కోపం ఆగదు. 2005లో అమెరికాలో అయిదేళ్ల బాబు ఆ చికిత్సలోనే చనిపోయాడు.

మరి ఆటిజం దేనివల్ల వస్తుంది? ఎక్కువ భాగం జన్యువులు. అయిదు దేశాల్లో 20 లక్షల మందికి పైగా పిల్లల వివరాలు చూసి 2019లో అచ్చైన అధ్యయనం ఆ వాటాను సుమారు 80 శాతంగా లెక్కగట్టింది. కొన్ని మార్పులు అమ్మానాన్నల్లో లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తాయి కూడా. అందుకే ‘మీ వైపు నుంచా, మా వైపు నుంచా’ అనే గొడవ దయచేసి మానండి. తల్లిదండ్రుల వయసు, నెలలు బాగా తక్కువగా పుట్టడం కూడా రిస్కును కొంత పెంచుతాయి. గర్భంతో ఉండగా వాల్‌ప్రోయేట్ (మూర్ఛకు ఇచ్చే మందు) వాడిన తల్లుల పిల్లల్లో ఆటిజం 4.4 శాతం, మొత్తం పిల్లల్లో 1.5 శాతం అని డెన్మార్క్ లెక్కలు 2013లో చూపాయి. ఆ మాత్ర వేసుకుంటున్నవాళ్లు సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ ప్రాణం తీయగలవు. గర్భం అనుకోకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాతో ఆటిజానికి సంబంధం లేదు: అదే డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని చూసి 2019లో తేల్చారు.

ఆ ఆక్సిడేటివ్ స్ట్రెస్ పరీక్షలకు పెట్టే డబ్బుతో మాటలు రాని బిడ్డకు వినికిడి పరీక్ష చేయించండి. తిండి సరిగా తినకపోతే రక్తంలో ఐరన్ ఎంతుందో పరీక్ష చేయించండి. మిగిలింది స్పీచ్ థెరపీకి ఉంచండి. మన బెంగళూరులోనే మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికీ వెళ్లొచ్చు.

ఇంకొకటి. ఇంట్లో తెలుగు, బయట కన్నడ, స్కూల్లో ఇంగ్లిష్ కలిసి బిడ్డను పాడుచేశాయని ఇక్కడ చాలామంది తల్లులు కుమిలిపోతున్నారు. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యం కాదని అధ్యయనాలు చెబుతున్నాయి. మీకు చేతనైన భాషలోనే ముద్దు చేయండి, ఆడించండి. అనంతపురంలో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్‌లో తెలుగులోనే మాట్లాడించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. రిపోర్టులు తెచ్చినవాళ్లవి ఒక్కొక్కటీ కూర్చుని చూస్తాను.