హంతకుడెవరో ముందే తెలిసిన కథ

శ్రోతలకు నమస్కారం.

నేను చదువుకునే రోజుల్లో కడప ఏడు రోడ్ల దగ్గర ఒక అద్దె పుస్తకాల బంకు ఉండేది. నవల రోజుకు పావలా. డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు నాకు అక్కడే పరిచయమయ్యారు. ఒకసారి బంకాయన ఒక నవలను పది పైసలకే ఇచ్చాడు. సంబరంగా ఇంటికి తెచ్చుకుని రాత్రి పన్నెండు దాకా చదివితే చివరి పదహారు పేజీలు లేవు! తెల్లారి పోయి అడిగితే, "అందుకే కదప్పా పది పైసలు" అన్నాడు. మా అన్న ఆ నవల చదివాడని తెలిసి ఆయన్ని పట్టుకున్నాను. ఒకరోజు చంపింది డ్రైవరన్నాడు, ఇంకో రోజు మేనత్త అన్నాడు. ఆ హంతకుడెవరో ఈ రోజుకీ నాకు తెలీదు.

ఇప్పుడు మీకు చెప్పబోయే సీరియల్‌లో ఆ బాధ లేదు. ఇందులో హంతకుడు మొదటి నుంచీ మన ఎదురుగానే ఉంటాడు. పేరు టామ్ రిప్లీ. అమెరికన్ రచయిత్రి పెట్రీషియా హైస్మిత్ 1955లో రాసిన 'ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' నవలను స్టీవెన్ జైలియన్ 'రిప్లీ' అనే పేరుతో ఎనిమిది భాగాల సీరియల్‌గా తీశారు. 2024 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 'షిండ్లర్స్ లిస్ట్' సినిమాకు స్క్రీన్‌ప్లే రాసింది ఈయనే. ఈ నవల తెరకెక్కడం ఇది మొదటిసారి కాదు. 1960లో ఫ్రెంచి వాళ్లు తీశారు, 1999లో హాలీవుడ్ వాళ్లు తీశారు. మరి మూడోసారి చూడాల్సినంత ఏముంది అని ఎవరైనా అడుగుతారు. నేనూ అడిగాను.

ముందు కథ. రిప్లీ న్యూయార్కులో చిన్నాచితకా మోసాలు చేసుకుని బతికేవాడు. ఓడలు కట్టించే ఒక పెద్ద షావుకారు, వీడు తన కొడుకు స్నేహితుడేమో అనుకుని, "మావాడు ఇటలీలో కూర్చుని ఇంటికి రానంటున్నాడు, నువ్వు పోయి తీసుకురా" అని ఖర్చులిచ్చి మరీ పంపిస్తాడు. వీడు పోతాడు. సముద్రం ఒడ్డున ఆ కొడుకు ఇల్లు, బట్టలు, వేలి ఉంగరం, చేతిలో పెన్ను అన్నీ చూస్తాడు. వాటిని తీసుకుని పారిపోవాలని కాదు, ఆ మనిషే తానైపోవాలని వీడికి పుడుతుంది. ఆ మనిషిని చంపేస్తాడు. కథ చెప్పేస్తున్నానని కోప్పడకండి, అసలు కథ అక్కడి నుంచే మొదలు.

ఆ హత్య జరిగే భాగం పెట్టినప్పుడు మా అమ్మ కూడా పక్కనే కూర్చుంది. ఎనభై దాటిన మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు. ఆ భాగంలో చాలాసేపు మాటలే లేవు కాబట్టి ఆమెకు భాష అడ్డు రాలేదు. నడి సముద్రంలో మోటారు పడవ. తెడ్డుతో కొట్టాడు, చంపాడు, శవాన్ని నీళ్లలోకి తోశాడు. ఆ పెనుగులాటలో తానూ నీళ్లలో పడ్డాడు. పడవ ఇంజిను ఆగలేదు. మనిషి లేని పడవ గిర్రున తిరుగుతూ మళ్లీ మళ్లీ వాడి మీదికే వస్తోంది. వాడికేమో నీళ్లంటే ప్రాణభయం.

మా అమ్మ ముందుకు వంగింది. "అయ్యో, అయ్యో, ఎట్లోకట్ల గట్టెక్కనీరా సామీ" అనేసింది. ఆ వెంటనే నాలిక్కరుచుకుని నా వైపు తిరిగి, "అబ్బీ, చంపినోని పక్కన చేరి నేనేంది ఇట్లంటాండా!" అంది.

నవల రాసినామె చేయదలచుకున్నది అదే. మన జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు మొదటిసారి ఆడించిన నాటకం 'కీచకవధ'. అదీ హత్య కథే. ఎవరు చస్తారో, ఎవరు చంపుతారో భారతం విన్న ప్రతివాడికీ తెలుసు, అయినా జనం చూశారు. అక్కడ మనం భీముడి పక్షం. కీచకుడు చేసిన పాపం కళ్లారా చూశాం కాబట్టి అందులో మనకు ఇబ్బందేమీ లేదు. ఇక్కడ చచ్చినవాడు రిప్లీకి చేసిన అపకారం ఏమీ లేదు. ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టాడు. అయినా పోలీసు తలుపు తట్టినప్పుడు మన గుండె రిప్లీ కోసం కొట్టుకుంటుంది. రెండు భాగాలు చూశాక నా మీద నాకే అనుమానం వచ్చింది.

సీరియల్ మొదలవడమే రోములో ఒక పాత మేడ మెట్ల మీద మొదలవుతుంది. రిప్లీ ఇంకో శవాన్ని ఈడ్చుకుంటూ దిగుతున్నాడు. మెట్టు మెట్టుకూ ధడ్ మని చప్పుడు. ఇల్లు మారేటప్పుడు రెండో అంతస్తు నుంచి ఇనుప బీరువా దించినవాళ్లకు ఆ బరువు తెలుస్తుంది. మేం ఆరుగురం తాళ్లు కట్టి దించితే మూడో మలుపులో ఇరుక్కుంది. వాడు ఒక్కడే, అర్ధరాత్రి, కిందింటివాళ్లు లేస్తారేమోనని భయం, పైగా ఒక పిల్లి కన్నార్పకుండా చూస్తూ ఉంటుంది. సినిమాల్లో హత్యంటే ఒక తుపాకీ, ఒక కేక, అయిపోయింది. ఇక్కడ హత్య అంటే చాకిరీ. రక్తం తుడవాలి, బట్ట పిండాలి, ఉత్తరాలు టైపు కొట్టాలి, చచ్చినవాడి సంతకం నేర్చుకోవాలి. సీరియల్‌లో కథ 1961లో జరుగుతుంది కాబట్టి సంతకంతో బ్యాంకులో పని జరిగిపోయింది. ఇప్పుడైతే వేలిముద్ర మిషను దగ్గరే ఆగిపోయేవాడు, ఎనిమిది భాగాలు కాస్తా ఒకటిన్నరలో ముగిసేవి.

దాదాపు మొత్తం బ్లాక్ అండ్ వైట్. ఇటలీ సముద్రాన్ని నీలం లేకుండా చూపించడమేమిటని మొదట్లో చిరాకు పడ్డాను. తర్వాత అర్థమైంది. రంగులుంటే మనం ఊరు చూసేవాళ్లం, సెలవులకు పోదామా అనుకునేవాళ్లం. రంగులు తీసేస్తే మెట్లు, గోడలు, నీడలు, వాటిలో దాక్కున్న మనిషి మిగిలారు. వెలుగు చీకట్లతో బొమ్మలు వేసిన కరవాజియో అనే పాతకాలపు చిత్రకారుణ్ని కథలోకి తెచ్చి బాగా వాడుకున్నారు. ఆయన కూడా 1606లో రోములో ఒక మనిషిని చంపి పారిపోయినవాడే. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఎల్స్‌విట్‌కు, దర్శకుడు జైలియన్‌కు ఎమ్మీ అవార్డులు వచ్చాయి. ఊరికే రాలేదు.

నాకు నచ్చనిదీ ఉంది. నవలలో రిప్లీ పాతికేళ్ల కుర్రాడు. ఇంకా ఏమీ కాని వయసు, ఎవరిలాగో అయిపోవాలనే ఆకలి. ఆ ఆకలిని మనం ఎరుగుదుం, అందుకే భయపడతాం. ఇక్కడ వేసిన ఆండ్రూ స్కాట్ గొప్ప నటుడే, ఆ కళ్లలో ఏముందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. కానీ నలభై దాటిన మనిషి. మొదటి సన్నివేశంలోనే ఆరితేరినవాడిలా ఉంటాడు. మంచివాడు చెడిపోవడం కాదు, చెడ్డవాడికి అవకాశం దొరకడం చూస్తున్నట్టుంటుంది. నవలలో వాడి మనసులో కూర్చుని ప్రయాణం చేస్తాం, వాడి తర్కం మనకూ సబబుగానే తోస్తుంది. కెమెరా ఆ పని చేయలేకపోయింది. అందుకే నా మాట వింటే పుస్తకం ముందు చదవండి. పెద్ద పుస్తకమేం కాదు.

ఆ తర్వాత తప్పకుండా చూడండి. రాత్రి పూట, రోజుకొక భాగం చాలు. పప్పు తాలింపు వేసుకుంటూ చెవి మాత్రం అటు పెడతామంటే కుదరదు. సగం మౌనం, మిగతా సగంలో చాలా భాగం ఇటాలియన్ భాష, కింద అక్షరాలు చదువుకోవాలి. చెవులతో చూసే సీరియల్ కాదిది. రేడియోలో కూర్చుని ఈ మాట చెబుతున్నందుకు నాకే నవ్వొస్తోంది.

ఆఖరి భాగం చూసేసిన మర్నాడు ప్రొద్దుటూరులో ఉన్న మా అన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "సరే గానీ, చివర్లో దొరుకుతాడా వాడు?" అన్నాడు. నేను ఒక్క క్షణం ఆగి, "దొరుకుతాడు, వాళ్ల మేనత్తే పట్టిస్తుంది" అని ఫోన్ పెట్టేశాను.

నమస్కారం.