అడ్రినల్ జబ్బులు: ముందు హార్మోన్, ఆ తర్వాతే స్కాన్

అందరికీ నమస్కారం.

కిడ్నీలో రాయి ఉందేమో చూద్దామని స్కాన్ తీయించుకుంటారు. రిపోర్టులో రాయి లేదని ఉంటుంది గానీ, దాని కిందే ‘ఎడమ అడ్రినల్‌లో 2 సెంటీమీటర్ల గడ్డ’ అని ఇంకో ముక్క కనిపిస్తుంది. ఇక ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ టెన్షనే. ఇలా అనుకోకుండా బయటపడే గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివి. కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసిన సీటీలో గడ్డ సాంద్రత అంతటా ఒకేలా, 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లకు మించకుండా ఉంటే క్యాన్సర్ భయం దాదాపు అక్కర్లేదు. కానీ ఆ గడ్డ హార్మోన్‌ను అతిగా వదులుతోందా లేదా అన్నది ఈ స్కాన్ చెప్పలేదు. దానికి రక్తాన్నో మూత్రాన్నో అడగాల్సిందే. ముందు హార్మోన్ పరీక్ష, ఆ తర్వాతే స్కాన్: ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ వరస గురించే.

రెండు కిడ్నీల మీదా టోపీల్లా కూర్చునే ఈ గ్రంథులు ఒక్కోటి నాలుగైదు గ్రాములు మాత్రమే ఉంటాయి. పైపొర ఒత్తిడిని తట్టుకోవడానికి కావాల్సిన కార్టిసాల్, ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టెరాన్, కొంత పురుష హార్మోన్ తయారు చేస్తుంది. లోపలి భాగం నుంచి అడ్రినలిన్ వస్తుంది. కార్టిసాల్ తెల్లవారి నిద్రలేచే వేళకు బాగా పెరిగి, అర్ధరాత్రికి అట్టడుగుకు పడిపోతుంది. అందుకే సాయంత్రం 4 గంటలకు తీసిన రిపోర్టు తెచ్చి ‘కార్టిసాల్ తక్కువగా ఉంది డాక్టర్‌గారూ’ అంటే, ఆ అంకెతో నేను చేయగలిగింది పెద్దగా ఉండదు. శాంపిల్ ఎన్ని గంటలకు తీశారో తెలియకపోతే అంకె ఉన్నా లేనట్టే.

కార్టిసాల్ తగ్గిపోయే జబ్బును 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించాడు. నీరసం, బరువు తగ్గడం, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఉప్పు మీదికి మనసు పోవడం దీని లక్షణాలు. ఇవి విడివిడిగా వంద జబ్బుల్లో ఉంటాయి కాబట్టి నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. నేనైతే ముందు అరచేయి చాపమంటాను. చేతి గీతలు, వేళ్ల కణుపులు, చిగుళ్లు, పాత ఆపరేషన్ మచ్చ నల్లబడ్డాయేమో చూస్తాను. అడ్రినల్ పని చేయనప్పుడు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి దాన్ని కదిలించాలని ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను విపరీతంగా వదులుతుంది. చర్మాన్ని నల్లబరిచేది అదే. లోపం పిట్యూటరీలోనే ఉంటే ఈ నలుపు రాదు.

రక్తంలో సోడియం తగ్గి పొటాషియం పెరిగితే అనుమానం బలపడుతుంది. ఉదయం 8 గంటల కార్టిసాల్ డెసిలీటరు రక్తానికి 3 మైక్రోగ్రాములకన్నా తక్కువైతే జబ్బు దాదాపు ఖాయం. 18 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే 250 మైక్రోగ్రాముల కృత్రిమ ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి 30, 60 నిమిషాలకు మళ్లీ రక్తం తీస్తారు. గ్రంథి బాగుంటే కార్టిసాల్ ఎగబాకుతుంది. జబ్బు ఖాయమయ్యాక కారణం వెతుకుతారు: సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీసిందా, క్షయ సోకిందా అని. స్కాన్ అవసరం పడేది ఇక్కడే.

దీనికి సరిగ్గా వ్యతిరేకం, కార్టిసాల్ అతిగా పెరిగే కుషింగ్స్ జబ్బు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, తగలగానే చర్మం కమిలిపోవడం, కూర్చున్న చోటినుంచి లేవడానికి తొడల్లో బలం చాలకపోవడం. పరీక్షలకు ముందు నేను మందుల సంచీ తెమ్మంటాను. ఎందుకంటే అన్నిటికన్నా పెద్ద కారణం బయటినుంచి వచ్చే స్టెరాయిడే: మాత్రలు, కీళ్లలో ఇంజెక్షన్లు, తెల్లబడటానికి పూసే క్రీములు, పేరు రాయని పొట్లాల మందులు. అవేవీ లేకపోతే రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేయించి, మర్నాడు ఉదయం కార్టిసాల్ చూస్తాం. అది డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములకు మించకూడదు. గర్భనిరోధక మాత్రలు ఈ అంకెను ఉత్తుత్తిగా పెంచుతాయి, ముందే చెప్పండి. కార్టిసాల్ కోసమే చేసే 24 గంటల మూత్రపరీక్షలో చాలామంది తప్పటడుగు వేస్తారు. మొదటి రోజు పొద్దున లేవగానే వచ్చిన మూత్రం పారబోయాలి, ఆ తర్వాతదంతా డబ్బాలో పట్టాలి, మర్నాడు లేవగానే వచ్చినదీ అందులోనే కలపాలి. ఒక్కసారి వదిలేసినా లెక్క తప్పినట్టే.

ఆల్డోస్టెరాన్ ఎక్కువైతే బీపీ మూడు మందులకూ లొంగకపోవచ్చు. అమెరికన్ వైద్యుడు జెరోమ్ కాన్ దీన్ని 1955లో వర్ణించాడు. పొటాషియం తగ్గితేనే అనుమానించాలని చాలాకాలం అనుకున్నారు. ఈ రోగుల్లో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది. ఆల్డోస్టెరాన్‌కూ, కిడ్నీ వదిలే రెనిన్‌కూ ఉన్న నిష్పత్తి చూడాలి. ఇక్కడ స్కాన్ దారి తప్పించిన సందర్భాలు తక్కువేం కాదు: గడ్డ ఎడమవైపు కనబడుతుంది, హార్మోన్ కుడివైపునుంచి వస్తుంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు రెండు అడ్రినల్ సిరల్లోనుంచీ నేరుగా రక్తం తీసి పోల్చి చూస్తారు. కుడి సిర పొట్టిది, పెద్ద సిరలోకి నేరుగా కలుస్తుంది. దాన్ని దొరకబుచ్చుకోవడానికి చేయి తిరిగిన నిపుణుడే కావాలి.

తలనొప్పి, చెమటలు, గుండెదడ మూడూ ఒక్కసారే వచ్చిపోతుంటే ఫియోక్రోమోసైటోమా, అంటే అడ్రినలిన్ లాంటి హార్మోన్లను అతిగా వదిలే గడ్డ, ఉందేమో చూడాలి. రోగిని 20, 30 నిమిషాలు పడుకోబెట్టి మెటానెఫ్రిన్‌ల కోసం (ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు) రక్తం తీస్తారు. ఇది లేదని తేలకుండా అడ్రినల్ గడ్డకు సూది గుచ్చకూడదు, బీపీ ప్రాణాంతకంగా ఎగరవచ్చు. వంశపారంపర్యంగా వచ్చే అవకాశం గణనీయం కాబట్టి జన్యుపరీక్ష కూడా చేయిస్తాం.

‘అడ్రినల్ ఫెటీగ్’, అంటే అడ్రినల్ అలసిపోయింది అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ల గురించి అడుగుతుంటారు. అలాంటి జబ్బు ఉన్నట్టు రుజువు లేదు. నీరసం మాత్రం నిజం కావచ్చు, దాని కారణం వేరే చోట వెతకాలి.

ఇంతసేపూ పరీక్షల వరస చెప్పాను. దీనికి ఒక్క మినహాయింపు ఉంది. అడిసన్స్ రోగి గానీ, ఏళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్ హఠాత్తుగా మానేసిన మనిషి గానీ వాంతులతో, బీపీ పడిపోయి సొమ్మసిల్లితే రిపోర్టు కోసం ఆగకూడదు. వీలైతే రక్తం తీసి పెట్టుకుని, వెంటనే కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ 100 మిల్లీగ్రాములు, సెలైన్ ఇవ్వాలి. రోజూ హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడేవాళ్లు జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేసుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షనే గతి. అందుకే ఆ ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోమని, ఎలా ఇవ్వాలో ఇంట్లో ఇంకొకరు కూడా నేర్చుకోమని చెబుతాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.